మిత్రుల ఇంట్లో దిగి ఆస్ట్రేలియా చూసి రావడం ఎలా?

సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడ్డ పాత స్నేహితులు ఫోన్ చేసినప్పుడల్లా "ఈసారైనా ఇద్దరూ రండి" అంటూనే ఉంటారు. ఆ పిలుపు పట్టుకుని ఈ ఏడాది నిజంగానే బయల్దేరదామనుకుంటున్న భార్యాభర్తల కోసం ఇది రాస్తున్నాను. మీ చేతిలో మూడు వారాలున్నాయనీ, సిడ్నీలో ఒక కుటుంబం, మెల్‌బోర్న్‌లో ఒక కుటుంబం తెలిసినవాళ్లున్నారనీ అనుకుందాం. మన తెలుగువాళ్లలో చాలామందికి పరిస్థితి ఇలాగే ఉంటుంది.

అన్నిటికంటే ముందు రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఆ దేశం మన దేశానికి రెండింతలకు పైగా పెద్దది. సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కి రోడ్డు మీద దాదాపు 880 కిలోమీటర్లు. సిడ్నీ నుంచి పెర్త్‌కి విమానంలోనే ఐదు గంటలు. "ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం, అన్నీ చూసేద్దాం" అనుకుంటే సగం సెలవు ఎయిర్‌పోర్టుల్లోనే గడిచిపోతుంది. రెండు, మీ మిత్రులు భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తుంటారు. అక్కడ ఏడాదికి నాలుగు వారాల సెలవు ఉంటుంది, అందులో ఎక్కువ భాగం ఇండియా రావడానికే దాచుకుంటారు. మీ కోసం వాళ్లు సెలవు పెట్టాల్సిన అవసరం రాకుండా చూసుకోవాలి.

అందుకే ప్లాన్ ఇలా వేసుకోండి. శని, ఆదివారాలు మిత్రులతో కలిసి వాళ్ల కారులో. సోమవారం నుంచి శుక్రవారం దాకా మీరిద్దరే రైళ్లలో, ఫెర్రీల్లో. దూరపు చోటు ఒక్కటి ఎంచుకుని మధ్యలో విమానంలో వెళ్లి రావడం. మిగతా ఏర్పాట్లన్నీ దీన్నిబట్టే చేసుకోవాలి.

ఏ నెలలో వెళ్లాలి?

అక్కడ ఋతువులు మనకు తలకిందులు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండాకాలం, జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం. సిడ్నీ, మెల్‌బోర్న్ తిరగడానికి మార్చి-ఏప్రిల్, లేదా సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య బాగుంటుంది. క్రిస్మస్ నుంచి జనవరి నెలాఖరు దాకా అక్కడి పిల్లలకు పెద్ద సెలవులు. టికెట్లు, గదులు రెండూ మండిపోతాయి.

దూరపు చోటు ఏదన్నది నెలే తేలుస్తుంది. ఉత్తరాన కెయిన్స్ దగ్గర గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడాల దిబ్బలు చూడాలంటే జూన్ నుంచి అక్టోబరు దాకా మంచి కాలం. డిసెంబరు నుంచి మార్చి వరకు అక్కడ వానలు, తుఫానులు. సుమారు నవంబరు నుంచి మే దాకా సముద్రంలో విషపు జెల్లీచేపలు తిరుగుతాయి కాబట్టి ఒళ్లంతా కప్పే సూట్ వేసుకునే నీళ్లలోకి దిగాలి. దేశం నడిబొడ్డున ఎడారిలో ఉన్న ఉలురు అనే పెద్ద రాతికొండకు మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లండి. జనవరిలో వెళ్తే నలభై డిగ్రీల ఎండ, మధ్యాహ్నం కాకముందే కొన్ని నడక దారులు మూసేస్తారు. డిసెంబరు, జనవరి తప్ప మీకు వేరే వీలు లేకపోతే ఈ రెండూ పక్కనపెట్టి టాస్మేనియాకు వెళ్లండి. అప్పుడు అక్కడ వాతావరణం హాయిగా ఉంటుంది.

వీసా, టికెట్లు

భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు కావలసింది సబ్‌క్లాస్ 600 విజిటర్ వీసా, అందులో టూరిస్ట్ స్ట్రీమ్. దరఖాస్తు ఆస్ట్రేలియా ప్రభుత్వ ఇమ్మీఅకౌంట్ వెబ్‌సైట్‌లో మీరే పెట్టుకోవచ్చు. భార్యకు, భర్తకు విడివిడిగా దరఖాస్తులు, విడివిడిగా ఫీజులు. పాస్‌పోర్ట్, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, ఉద్యోగముంటే సెలవు మంజూరు చేసిన లెటర్, రిటైరైతే పెన్షన్ కాగితాలు, ఆస్తి వివరాలు, పెళ్లి సర్టిఫికెట్ జత చేయండి. మీరు తిరిగి వస్తారని అధికారికి నమ్మకం కలగాలి, ఈ కాగితాలన్నీ అందుకే.

మిత్రుల నుంచి ఆహ్వాన పత్రం తీసుకోండి. మీ ఇద్దరి పేర్లు, పాస్‌పోర్ట్ నంబర్లు, ఏ తేదీల్లో వాళ్లింట్లో ఉంటారు, ఎన్నాళ్లుగా స్నేహం, వాళ్లు అక్కడ పౌరులా లేక పర్మనెంట్ రెసిడెంట్లా, ఇంటి అడ్రస్ అన్నీ అందులో ఉండాలి. ఖర్చులు మీరే పెట్టుకుంటున్నట్లయితే ఆ మాట కూడా స్పష్టంగా రాయించండి. స్పాన్సర్డ్ ఫ్యామిలీ స్ట్రీమ్ అని ఇంకొకటి కనిపిస్తుంది. అది బంధువులకు సంబంధించింది, మీరు దాని జోలికి వెళ్లనక్కర్లేదు. వీసా వచ్చాక పాస్‌పోర్ట్‌లో స్టిక్కర్ ఏమీ వేయరు, ఈమెయిల్‌లో లెటర్ వస్తుంది. దాన్ని ప్రింట్ తీసి పెట్టుకోండి. వీసా చేతికి రాకముందే క్యాన్సిల్ చేసుకోలేని టికెట్లు మాత్రం కొనకండి.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్ మీదుగా మారే విమానాలు అనుకూలం. రానూపోనూ టికెట్ ఒకే ఊరికి తీసుకోకండి. 'మల్టీ సిటీ' అనే ఆప్షన్‌లో వెళ్లేటప్పుడు సిడ్నీలో దిగేలా, వచ్చేటప్పుడు మెల్‌బోర్న్‌లో ఎక్కేలా తీసుకుంటే వెనక్కి రావాల్సిన ఒక ప్రయాణం తప్పుతుంది. శుక్రవారం గానీ శనివారం పొద్దున గానీ దిగేలా చూసుకోండి. మిత్రులు ఎయిర్‌పోర్టుకు రావాలన్నా, మొదటి రెండు రోజులు మీకు దారులు చూపించాలన్నా వాళ్లకు వీలుగా ఉంటుంది.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకోండి. అక్కడి ప్రభుత్వ వైద్యం మన టూరిస్టులకు వర్తించదు. బీపీ, షుగర్ ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పి, దానికి కూడా వర్తించే పాలసీయే కొనండి.

పెట్టెలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

ఇక్కడ కాస్త ఆగి జాగ్రత్తగా చదవండి. స్నేహితుల ఇంటికి ఉత్తి చేతులతో వెళ్లడం మనకు అలవాటు లేదు. ఊరి నుంచి ఆవకాయ, సున్నుండలు, కరివేపాకు కట్ట, పెరట్లో కాసిన కాయలు అన్నీ సర్దేస్తాం. ఆస్ట్రేలియా మాత్రం తన పంటల్నీ పశువుల్నీ బయటి తెగుళ్ల నుంచి కాపాడుకోవడానికి చాలా కఠినంగా ఉంటుంది. పచ్చి కరివేపాకు, పండ్లు, పూలు, విత్తనాలు, పాలతో చేసిన స్వీట్లు, మాంసం పచ్చళ్లు ఏవీ పెట్టెలో పెట్టకండి. పూజ సామానులో కొబ్బరికాయ, నవధాన్యాలు, దర్భ లాంటివి ఉంటే తీసేయండి.

విమానంలో ఒక కార్డు ఇస్తారు. అందులో తినే వస్తువులు తెచ్చారా అని అడుగుతారు. పొట్లంలో చారెడు ఇంగువ ఉన్నా సరే 'అవును' అని రాయండి. మీరు ముందుగా చెప్తే అధికారి చూసి పనికొస్తే ఇచ్చేస్తాడు, లేదంటే అక్కడే పడేస్తాడు, జరిమానా ఉండదు. చెప్పకుండా దాచి దొరికితే వేల డాలర్ల జరిమానా పడుతుంది, వీసా రద్దు చేసి వెనక్కి పంపే అధికారం కూడా వాళ్లకుంది. పొడులు, పచ్చళ్లు తీసుకెళ్లాలనే ఉంటే షాపులో సీల్ వేసి, లేబుల్ అంటించినవి కొనండి, అన్నీ ఒకే సంచిలో పైనే పెట్టండి, అడగ్గానే తీసి చూపించవచ్చు. నిజానికి సిడ్నీలో హారిస్ పార్క్, మెల్‌బోర్న్‌లో టార్నీట్ లాంటి చోట్ల మన సరుకు దొరకనిది లేదు. మీ మిత్రులకు పట్టుచీర, చేనేత దుప్పటి, పిల్లలకు మన ఊరి టైలర్ కుట్టిన పట్టులంగా తీసుకెళ్తే వాళ్లకు ఎక్కువ సంతోషం.

మందులు మూడు నెలలకు మించకుండా, ఇంగ్లిష్‌లో రాసిన డాక్టరు చీటీతో సహా తీసుకెళ్లండి. మన ప్లగ్గులు అక్కడి సాకెట్లలో పట్టవు కాబట్టి అడాప్టర్ కావాలి. ఎండాకాలంలో వెళ్లినా ఒక స్వెట్టర్ పెట్టుకోండి, మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం ఎండ కాసి సాయంత్రానికి చలిగాలి తిరుగుతుంది. టోపీ, సన్‌స్క్రీన్ ఇద్దరికీ తప్పనిసరి. మనకు ఎండ అలవాటేనని తేలిగ్గా తీసుకోకండి. అక్కడి ఎండలో అతినీలలోహిత కిరణాల తీవ్రత చాలా ఎక్కువ, చల్లగా ఉన్న రోజున కూడా చర్మం కమిలిపోతుంది.

సిడ్నీలో పని రోజులు: మీరిద్దరే

రైలు, బస్సు, ఫెర్రీ, లైట్ రైల్ అన్నిటికీ ఓపల్ కార్డు ఒక్కటే. కాంటాక్ట్‌లెస్ డెబిట్, క్రెడిట్ కార్డులు కూడా అదే మీటరు మీద పనిచేస్తాయి. ఇద్దరికీ వేర్వేరు కార్డులు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు ట్యాప్ చేయడం కుదరదు. ఎక్కేటప్పుడు ట్యాప్ చేసిన కార్డుతోనే దిగేటప్పుడూ ట్యాప్ చేయాలి. రోజుకు ఇంత మించి తీసుకోకుండా ఒక పరిమితి ఉంటుంది. శుక్ర, శని, ఆదివారాల్లో ఆ పరిమితి ఇంకా తక్కువ. ఎయిర్‌పోర్టు స్టేషన్ వాడితే మాత్రం మామూలు చార్జీ కాకుండా అదనపు రుసుము గట్టిగానే పడుతుంది. మిత్రులు కారు తెస్తే సరే, లేకపోతే ఇద్దరికి కలిపి ట్యాక్సీ ధర కూడా ఒకసారి పోల్చి చూసుకోండి.

మొదటి సోమవారం సర్క్యులర్ కీకి వెళ్లండి. స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడితే చాలు, ఎదురుగా హార్బర్, ఒక పక్క బ్రిడ్జి, ఇంకో పక్క ఒపేరా హౌస్. 1932లో తెరిచిన ఆ ఉక్కు వంతెన కింద, 1973లో పూర్తయిన ఆ తెల్లటి పైకప్పుల పక్కన రోజంతా తిరగవచ్చు. ఒపేరా హౌస్ గీసిన డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యార్న్ ఉట్జన్ పని మధ్యలోనే తప్పుకుని వెళ్లిపోయి, పూర్తయిన కట్టడాన్ని కళ్లారా చూడలేదు. లోపలి టూర్ తీసుకుంటే ఆ కథంతా చెప్తారు.

అక్కడి నుంచి మ్యాన్లీ ఫెర్రీ ఎక్కండి. పెద్ద డబ్బు పోసి హార్బర్ క్రూజ్ తీసుకోనక్కర్లేదు, అరగంట సేపు సాగే ఈ మామూలు ప్రభుత్వ ఫెర్రీలోనే మొత్తం కనిపిస్తుంది. వెళ్లేటప్పుడు కుడివైపు బయట సీట్లలో కూర్చోండి, ఒపేరా హౌస్ అటే వస్తుంది. హార్బర్ నోరు తెరుచుకుని మహాసముద్రంలో కలిసే చోటుకు రాగానే పడవ ఒక్కసారిగా ఊగడం మొదలవుతుంది, ముందువైపు నిలబడ్డవాళ్ల మీద నీళ్లు చింది పడతాయి. మ్యాన్లీలో దిగి బీచ్ దాకా నడిచి, చీకటి పడే వేళకు తిరుగు ఫెర్రీ ఎక్కితే నగరం దీపాలన్నీ ఎదురొస్తాయి.

ఇంకో రోజు బాండై బీచ్ నుంచి కూజీ దాకా కొండ అంచున ఆరు కిలోమీటర్ల నడక. మోకాళ్ల నొప్పులుంటే బ్రాంటే దాకా నడిచి బస్సెక్కేయండి, అందమంతా ఆ ముక్కలోనే ఉంది. సముద్రంలో దిగాలనుకుంటే ఎరుపు, పసుపు జెండాల మధ్యే దిగండి. ఒడ్డు నుంచి లోపలికి లాగేసే ప్రవాహాలు పైకి ప్రశాంతంగా కనిపిస్తాయి. మోకాలి లోతులోనే ఉన్నాం కదా అనుకున్నవాళ్లను కూడా లాగేస్తాయి. ఏటా మన దేశం నుంచి వెళ్లినవాళ్లు కూడా ఇలా ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు, దయచేసి ఈ ఒక్క విషయంలో సాహసం వద్దు.

బ్లూ మౌంటెన్స్‌కు వారం మధ్యలోనే వెళ్లండి, వారాంతాల్లో జనం తోపులాట. సెంట్రల్ స్టేషన్ నుంచి కటూంబాకు రైల్లో రెండు గంటలు, ఓపల్ కార్డే చెల్లుతుంది. అక్కడి నుంచి బస్సులో ఎకో పాయింట్‌కు వెళ్తే త్రీ సిస్టర్స్ అనే మూడు రాతి శిఖరాలు కనిపిస్తాయి. లోయ నిండా ఉన్న యూకలిప్టస్ చెట్ల నుంచి వెలువడే నూనె ఆవిరి వల్లే ఆ కొండలకు నీలం రంగు వస్తుందంటారు. సీనిక్ వరల్డ్‌లో 52 డిగ్రీల వాలులో దిగే రైలు ఉంది, ఒకప్పుడు బొగ్గు గని కోసం వేసిన లైను అది. బయల్దేరే ముందు అక్కడి వాతావరణం చూసుకోండి. మంచు పట్టిందంటే తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు, ఆ రోజు మ్యూజియంకు వెళ్లి ఇంకో రోజు కొండెక్కడం మేలు.

సిడ్నీలో ఆదివారం: మిత్రులతో

మిత్రులు ఎక్కడికి వెళ్దామని అడిగితే ఈ దారి చెప్పండి. సిడ్నీకి దక్షిణంగా గంట లోపు దూరంలో హెలెన్స్‌బర్గ్‌లో శ్రీ వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, 1985లో ప్రతిష్ఠ జరిగింది. పొద్దున్నే దర్శనం చేసుకుని, వారాంతంలో తెరిచే అక్కడి క్యాంటీన్‌లో దోసెలు తినండి. ఆ ఊళ్లోనే సింబయో అనే జంతు ఉద్యానం చిన్నదైనా చాలా బాగుంటుంది, కంగారూలకు చేత్తో మేత పెట్టవచ్చు. కోవాలాను దగ్గరగా చూడవచ్చు గానీ ఎత్తుకోవడం ఈ రాష్ట్రంలో చట్టం ఒప్పుకోదు.

అక్కడి నుంచి బాల్డ్ హిల్ మీదకు వెళ్తే కింద తీరమంతా వంపులు తిరుగుతూ కనిపిస్తుంది, గాలి బాగున్న రోజు తెరచాపలు కట్టుకుని మనుషులు కొండ మీంచి ఎగురుతుంటారు. 1894లో లారెన్స్ హార్‌గ్రేవ్ అనే ఆయన పెట్టె గాలిపటాలు కట్టి వాటి సాయంతో గాలిలోకి లేచింది ఈ కొండ కింది బీచ్‌లోనే. కొండ దిగితే సీ క్లిఫ్ బ్రిడ్జి. పాత రోడ్డు మీద కొండచరియలు విరిగి పడుతుండటంతో దాన్ని మూసేసి, 2005లో 665 మీటర్ల వంతెనను సముద్రం మీదుగా కట్టారు. కారులో దాటేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఒక చివర కారు ఆపి, వంతెన పక్కనున్న కాలిబాట మీద ఆ చివరి దాకా నడవండి. ఒక పక్క నిటారుగా కొండ, మీ కాళ్ల కింద అలలు రాళ్లను కొట్టుకుంటుంటాయి. సిడ్నీ చుట్టుపక్కల ఒక్క రోజే ఉందన్నా నేను ఈ దారే చెప్తాను.

మధ్యలో ఒక దూరపు చోటు

రీఫా, ఉలురా? మూడు వారాల్లో ఒక్కటే పెట్టుకోండి. ఈత, సముద్రం ఇష్టమైతే కెయిన్స్. ఈత రాకపోయినా ఫర్వాలేదు, అడుగున అద్దం ఉన్న పడవల్లోంచి పగడాలు చూడవచ్చు, లైఫ్ జాకెట్ వేసి పక్కనే ఉండి దింపేవాళ్లూ ఉంటారు. బయటి రీఫ్‌కు వెళ్లే పడవ బాగా ఊగుతుంది, బయల్దేరడానికి ముందే వాంతుల మాత్ర వేసుకోండి, ఊగడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. మరో రోజు కురాండాకు కొండల మధ్య పాత రైల్లో వెళ్లి, అడవి మీదుగా సాగే కేబుల్ కారులో తిరిగి రండి.

నా ఓటు మాత్రం ఉలురుకే. చుట్టూ చదునైన ఎర్ర నేల, మధ్యలో 348 మీటర్ల ఎత్తున ఒకే ఒక్క రాయి. దాని ఆసాములు అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలు. 1985 అక్టోబరు 26న ప్రభుత్వం ఆ భూమిని వాళ్లకు తిరిగి అప్పగించింది. సరిగ్గా అదే తేదీన, 2019లో, ఆ రాయి ఎక్కడాన్ని నిషేధించారు. మన కొండల్లో దేవుడున్నట్లే వాళ్లకు ఆ రాయి పవిత్రం, కాబట్టి ఎక్కలేమే అని బాధపడకుండా చుట్టూ నడవండి. పూర్తి ప్రదక్షిణ పది కిలోమీటర్లకు పైనే. ఎండ ముదరకముందే, తెల్లవారుతూనే మొదలుపెట్టాలి. అంత నడవలేకపోతే ముటిట్జులు నీటిగుంట దాకా ఉన్న చిన్న దారిలో వెళ్లండి. అక్కడ రాతి గుహలో పాత బొమ్మలున్నాయి, నీటి పక్కన బల్ల మీద కూర్చుంటే చల్లగా ఉంటుంది. కొన్ని చోట్ల ఫొటోలు తీయొద్దని బోర్డులుంటాయి, ఆ మాట పాటించండి.

సిడ్నీ నుంచి ఉలురు దగ్గరున్న ఏయర్స్ రాక్ ఎయిర్‌పోర్టుకు మూడున్నర గంటలు. అక్కడి నుంచి నేరుగా మెల్‌బోర్న్ విమానం పట్టుకుంటే దారి కలిసొస్తుంది. ఆలిస్ స్ప్రింగ్స్‌లో దిగితే దగ్గరే అనుకోకండి, ఇంకా 450 కిలోమీటర్ల దాకా రోడ్డుంటుంది. బస యులారా అనే రిసార్ట్ ఊళ్లో తప్ప ఇంకెక్కడా ఉండదు, ఖరీదే. రెండు రాత్రులు చాలు. అక్కడి సూపర్‌మార్కెట్‌లో బ్రెడ్డు, పెరుగు, పండ్లు కొనుక్కుంటే హోటల్ భోజనాల ఖర్చు తగ్గుతుంది. ముఖానికి ఈగల వల కొనుక్కోండి, లేకపోతే మాట్లాడటానికి నోరు తెరవలేరు. జూన్, జూలైల్లో రాత్రిళ్లు సున్నా దగ్గరకు పడిపోతుంది కాబట్టి సిడ్నీ మిత్రుల మందపాటి జాకెట్లు అరువడగండి.

దేశంలోపలి చవక విమానాల్లో చేతి సామాను ఏడు కిలోలకు మించనివ్వరు, గేటు దగ్గర తూకం వేసి మరీ డబ్బు కట్టించుకుంటారు. పెద్ద పెట్టెకు టికెట్టు కొన్నప్పుడే డబ్బు కట్టేయండి. సిడ్నీ నుంచి నేరుగా మెల్‌బోర్న్ వెళ్తున్నట్లయితే అక్కడ రెండు ఎయిర్‌పోర్టులున్నాయని గుర్తుంచుకోండి, టల్లమెరీన్, అవలాన్. మిత్రులు వెరిబీ, టార్నీట్ వైపు ఉంటే అవలాన్ అనుకూలమే. తూర్పు వైపు ఉంటే మాత్రం ఆ టికెట్ ఎంత చవకైనా వద్దు.

మెల్‌బోర్న్

నగరం నడిబొడ్డున ట్రాములు ఉచితం. ఆ హద్దు దాటితే మైకీ కార్డు కావాలి. నగరంలో ఒకటి రెండు రోజులు సందుల్లో తిరిగి, కాఫీ తాగి, 1878 నాటి క్వీన్ విక్టోరియా మార్కెట్ చూస్తే సరిపోతుంది. సోమ, బుధవారాలు ఆ మార్కెట్‌కు సెలవు. ఇంకో రోజు లోకల్ రైల్లో బెల్‌గ్రేవ్ వెళ్లి పఫింగ్ బిల్లీ అనే పాత ఆవిరి రైలెక్కండి, సీట్లు ముందే బుక్ చేసుకోవాలి.

అసలు చూడాల్సింది గ్రేట్ ఓషన్ రోడ్. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు దాదాపు మూడు వేల మంది, 1919 నుంచి 1932 దాకా పలుగూ పారతో కొండను తొలిచి, చనిపోయిన తోటివాళ్ల జ్ఞాపకంగా వేసిన రోడ్డిది. పొడవు 243 కిలోమీటర్లు. ఒక్క రోజులో పోయి రావచ్చని అందరూ అంటారు, టూర్ బస్సులూ అలాగే తిప్పుతాయి. మీరు మాత్రం శనివారం వెళ్లి ఆదివారం తిరిగి వచ్చేలా, రాత్రి అపోలో బేలోనో పోర్ట్ క్యాంప్‌బెల్‌లోనో ఉండేలా వేసుకోండి. ఆ రాత్రి గది ఖర్చు మిత్రుల వాటాతో సహా మీరే కట్టండి. ఇన్ని రోజులు హోటల్ ఖర్చు లేకుండా చేసినందుకు వాళ్లకు ఆ మాత్రం చేయడం న్యాయం.

టార్కీ నుంచి పడమరకు వెళ్లాలి. అక్కడా మనలాగే ఎడమవైపు నడపడం కాబట్టి ఈ దిశలో వెళ్తే సముద్రం మీ పక్కనే ఉంటుంది, ఆపి చూసే చోట్లలోకి తిరగడం తేలిక. కెన్నెట్ రివర్ దగ్గర చెట్ల మీద కోవాలాలు నిద్రపోతుంటాయి, కొమ్మల మొదళ్ల దగ్గర బూడిదరంగు ముద్ద కోసం వెతకండి. ట్వెల్వ్ అపాజిల్స్ దగ్గరకు సాయంత్రం చేరి, మళ్లీ మర్నాడు పొద్దున కూడా వెళ్లండి. రెండు వెలుగుల్లో ఆ సున్నపురాతి స్తంభాల రంగే మారిపోతుంది. పేరులో పన్నెండున్నా పన్నెండు ఎప్పుడూ లేవు, 2005లో ఒకటి కూలాక ఎనిమిది మిగిలాయి. పక్కనే లాక్ ఆర్డ్ గార్జ్‌ను వదలకండి. 1878లో ఆ పేరుగల ఓడ అక్కడ బద్దలై 54 మందిలో ఇద్దరే బతికారు. వాళ్లు కొట్టుకొచ్చిన చిన్న ఇసుక ఒడ్డుకు మెట్లు దిగి వెళ్లవచ్చు. తిరుగు ప్రయాణం లోపలి హైవే మీదుగా అయితే మూడు గంటల్లో మెల్‌బోర్న్ చేరతారు. చిన్న ఊళ్లలో రాత్రి ఎనిమిదింటికే వంటగదులు మూసేస్తారు, కాబట్టి పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుంటే నిశ్చింత.

ఫిలిప్ ఐలాండ్‌లో పెంగ్విన్‌లు ఒడ్డుకు రావడం చీకటి పడ్డాకే. వేసవిలో అది రాత్రి తొమ్మిది, చలికాలంలో ఐదున్నర. అక్కడి నుంచి నగరానికి రెండు గంటలు. మర్నాడు ఆఫీసుకు వెళ్లాల్సిన మిత్రుణ్ని అర్ధరాత్రి దాకా కారు నడిపించకండి, నగరం నుంచి టూర్ బస్సులుంటాయి. మెట్ల మీద చలిగాలిలో కూర్చుని నురగ వైపే చూస్తుంటే, జానెడు పైచిలుకు ఎత్తున్న పక్షులు ముందు నాలుగైదు నీళ్లలోంచి తేలతాయి, చుట్టూ చూస్తాయి, భయపడి మళ్లీ నీళ్లలోకి పోతాయి. గుంపు పెద్దదయ్యాక అందరూ కలిసి ఒక్క పరుగున ఇసుక దాటేస్తాయి. ఫొటోలు నిషేధం. దుప్పటి తీసుకెళ్లండి. ఒడ్డు ఖాళీ అయ్యాక వెంటనే లేవకుండా, చెక్క వంతెన వెంట మెల్లగా నడవండి, గూళ్లకు పోయే పెంగ్విన్‌లు మీ పక్కనే నడుస్తుంటాయి.

కారు నడిపితే

ఇంగ్లిష్‌లో ఉన్న మన లైసెన్సుతో టూరిస్టులు నడపవచ్చు, ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా ఉంటే అద్దె కంపెనీలతో పేచీ ఉండదు. అద్దెకు తీసుకునేటప్పుడు నడిపేవాళ్ల పేరు మీద క్రెడిట్ కార్డు అడుగుతారు. వెనక సీట్లో వాళ్లూ బెల్టు పెట్టుకోవాలి. నడిపేటప్పుడు ఫోన్ చేత్తో పట్టుకుంటే కెమెరాలు పైనుంచి ఫొటో తీస్తాయి. స్కూళ్ల దగ్గర నలభై అంటే నలభయ్యే. మెల్‌బోర్న్‌లో ట్రాము ఆగి తలుపులు తెరిస్తే మీరూ వెనకే ఆగాలి. పల్లె రోడ్ల మీద తెల్లవారుజామున, చీకటి పడే వేళ కంగారూలు అడ్డం వస్తాయి. స్టీరింగ్ పక్కకు కోసేయకండి, తిన్నగా బ్రేక్ వేయండి. మిత్రుల కారైతే మీరు నడపవచ్చో లేదో వాళ్ల ఇన్సూరెన్స్ ముందే చూడమనండి. మీరు చేసిన తప్పుకు వచ్చే చలానా వాళ్లింటికే వస్తుంది. అత్యవసరానికి నంబరు 000.

మిత్రుల ఇంట్లో

పనిమనిషి ఉండదు, అన్నీ వాళ్లే చేసుకుంటారు. తిన్న గిన్నెలు మీరే డిష్‌వాషర్‌లో పెట్టండి. చెత్తడబ్బాలు మూతల రంగును బట్టి వేరువేరుగా ఉంటాయి, ఏది ఎందులోనో మొదటి రోజే అడగండి. వారం మధ్యలో ఒక సాయంత్రం, వాళ్లు ఆఫీసు నుంచి వచ్చేసరికి మీరిద్దరే వంట చేసి పెట్టండి, గుత్తివంకాయో పప్పుచారో. దానికి మించిన కానుక లేదు. పోపు వేసే ముందు మాత్రం స్టవ్ పైనున్న ఎగ్జాస్ట్ ఆన్ చేయండి, ఎండుమిరపకాయ పొగకు స్మోక్ అలారం ఇల్లంతా మారుమోగుతుంది. పెట్రోలు బంకులో, టోల్ దగ్గర, హోటల్ బిల్లు దగ్గర "ఉండనివ్వండి అన్నయ్యా" అని వాళ్లంటారు. ఒప్పుకోకండి. అడగకుండా ఇచ్చేయండి.

తిరుగు ప్రయాణం రోజు

అక్కడ కొన్న వస్తువుల మీద కట్టిన జీఎస్టీ వెనక్కి తీసుకోవచ్చు. ఒకే షాపు సంస్థలో మొత్తం 300 డాలర్లు దాటాలి, కొని 60 రోజులు మించకూడదు, ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఉండాలి, వస్తువు మీ వెంట విమానంలోకి రావాలి. అందుకే ఊలు దుప్పట్లు, బూట్లు, మనవళ్లకు బొమ్మలు అన్నీ చిల్లరగా పది చోట్ల కొనే బదులు ఒకే దుకాణంలో కొనండి. ఎవరు డబ్బు కట్టారో వాళ్లే క్లెయిమ్ చేయాలి కాబట్టి బిల్లు ఇద్దరిలో ఒకరి కార్డు మీదే చేయించండి. వెయ్యి డాలర్లు దాటిన ఇన్‌వాయిస్ మీద కొన్నవారి పేరు రాయించుకోవాలి. క్యాబిన్‌లోకి అనుమతించని సీసాలు, క్రీములు ఉంటే పెట్టె చెక్ఇన్ చేయకముందే సరిహద్దు అధికారుల కౌంటర్‌లో చూపించి ముద్ర వేయించుకోవాలి. మిగతావి ఇమ్మిగ్రేషన్ దాటాక, ఈ పన్ను వాపసు ఇచ్చే టీఆర్‌ఎస్ కౌంటర్‌లో. వివరాలు ముందే యాప్‌లో నింపి పెట్టుకుంటే వరస తొందరగా కదులుతుంది. విమానం బయల్దేరడానికి అరగంట ముందే కౌంటర్ మీకు మూసేస్తారు కాబట్టి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండండి.